గుంటూరు కోల్డ్ స్టోరేజీ జాబ్‌కి యాక్సెస్‌లో రిక్వైర్‌మెంట్లు రాసుకున్నాం: నా అనుభవం

మా యూనిట్ చర్లపల్లిలో. కంట్రోల్ ప్యానెళ్లు చేస్తాం. డిజైన్‌లో ఇద్దరం, వైరింగ్‌లో నలుగురు, పర్చేజూ బిల్లులూ చూసే మేడమ్ ఒకరు, అందరి మీదా మా సార్. 2024 జులై చివర్లో గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి మానిటరింగ్, కంట్రోల్ ప్యానెల్ ఆర్డర్ వచ్చింది. ఆరు ఛాంబర్లు, అమ్మోనియా ప్లాంటు, ఒక్కో ఛాంబర్‌కి నాలుగు పీటీ-100 ఉష్ణోగ్రత సెన్సర్లు, తేమ సెన్సర్లు, గ్యాస్ డిటెక్టర్లు, ఒక పీఎల్‌సీ (ప్లాంటుని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్), ఒక టచ్ స్క్రీన్. ఫిబ్రవరి నుంచి కొత్త కాయ కోల్డ్ స్టోరేజీల్లోకి ఎక్కడం మొదలవుతుంది కాబట్టి జనవరి ఆఖరుకల్లా అన్నీ నడుస్తూ ఉండాలి. ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున, ఐదు శాతం దాకా కోత.

నాకు అప్పజెప్పింది ప్యానెల్ డిజైన్. దానికి తోడు కస్టమర్ అడిగినవన్నీ, అంటే రిక్వైర్‌మెంట్లన్నీ, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఒకచోట పెట్టి, ఏదీ జారిపోకుండా చివరిదాకా చూసే పని కూడా నెత్తికెత్తుకున్నాను. కమిషనింగ్ (సైట్‌లో నడిపి అప్పగించడం) బిల్లు 2025 ఏప్రిల్‌లో క్లియరయింది. మాలాంటి చిన్న యూనిట్లలో ఎవరైనా ఇదే పని చేద్దామనుకుంటే దేనికి ఎంత టైం పడుతుందో, ఎక్కడ టెన్షన్ పడాలో తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు పరిస్థితి చెప్పాలి. కస్టమర్‌కి ఏం కావాలన్నది నాలుగు దారుల్లో వచ్చింది. పర్చేజ్ ఆర్డర్ వెనక మూడు పేజీల అనెక్చర్. కస్టమర్ పెట్టుకున్న కన్సల్టెంట్ ఇచ్చిన 41 పేజీల స్పెసిఫికేషన్, అందులో సగం ఇంకేదో ప్లాంటు కోసం రాసినదని చదువుతుంటేనే తెలిసిపోతోంది. కిక్-ఆఫ్ మీటింగ్ మినిట్స్. నాలుగోది ఓనరు గారి వాయిస్ మెసేజ్‌లు. ఆయన టైప్ చేయరు. యార్డులో నడుస్తూ, వెనకాల లారీల హారన్లతో, "ఇదిగో అబ్బాయ్, ఆ మూడో ఛాంబర్ తలుపు తీసి వదిలేస్తే కూడా మోగాలయ్యా" అని పంపుతారు. అది కూడా రిక్వైర్‌మెంటే. ఏ కాగితంలోనూ ఉండదు, కానీ సైట్‌లో నిలబడి అడిగేది మాత్రం దాన్నే.

అంతకుముందు జాబులకి ఎక్సెల్ షీట్ ఉండేది. ఒకే షీట్ ముగ్గురి దగ్గర మూడు రకాలుగా ఉండేది, ఫైల్ పేరు చివర "ఫైనల్", "ఫైనల్2", "లేటెస్ట్ ఫైనల్". ఏది సరైనదో డిస్పాచ్ రోజు తేల్చుకునేవాళ్లం.

ఆగస్టు మొదటి వారంలో పెద్ద రిక్వైర్‌మెంట్స్ సాఫ్ట్‌వేర్ల గురించి వాకబు చేశాను. ఒకరు డెమో ఇవ్వడానికే వారం పైన తీసుకున్నారు. కొటేషన్ వచ్చాక చూస్తే, ఇన్ని లైసెన్సులకు తక్కువ ఇవ్వం అన్నారు. ఏడాదికి అయ్యే ఖర్చు ఈ జాబ్‌లో మాకు మిగిలే దాంట్లో సగం దాటుతోంది. సార్‌కి చూపిస్తే కాగితం తిప్పి పెట్టేసి, "మనం ప్యానెల్ అమ్ముతున్నామా, వాళ్ల సాఫ్ట్‌వేర్ కొంటున్నామా?" అన్నారు. మా ఆఫీసు మైక్రోసాఫ్ట్ 365 చందాలో యాక్సెస్ ఎలాగూ వస్తోంది, ఎవరూ తెరవలేదంతే. మిగతా మెషీన్లలో, తయారైన ఫైల్‌ని వాడుకోవడానికి సరిపోయే యాక్సెస్ రన్‌టైమ్ ఉచితంగా వేసుకోవచ్చు. నాతో డిజైన్ చేసే తమ్ముడు ఎస్‌క్యూలైట్ అనే ఇంకో డేటాబేస్‌లో పెట్టి బ్రౌజర్లో కనిపించేలా చేద్దాం అన్నాడు. చేయగలడు కూడా. కానీ ఫారాలు, ప్రింటయ్యే రిపోర్టులు కోడ్ రాయకుండా రావడం నాకు ముఖ్యం. గుంటూరులో కాగితం మీద సంతకం ఉంటేనే మాట.

టేబుళ్లు వేయడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. రిక్వైర్‌మెంట్లకు ఒకటి, మూలాలకు ఒకటి, టెస్టులకు ఒకటి, మార్పులకు ఒకటి. ఒక్క టెస్టు నాలుగు రిక్వైర్‌మెంట్లను తేల్చవచ్చు, ఒక్క రిక్వైర్‌మెంట్‌కి రెండు టెస్టులు కావాల్సి రావచ్చు. అందుకని ఆ రెంటినీ కలిపే చిన్న లింక్ టేబుల్ ఇంకొకటి. రిక్వైర్‌మెంట్ టేబుల్లో నెంబరు, వాక్యం, మూలం, ఎవరి బాధ్యత, ఎలా రుజువు చేస్తాం (చూసి, లెక్కగట్టి, నడిపి చూపించి, టెస్ట్ చేసి), స్థితి. ఇంతే. మొదట్లో ప్రాధాన్యం, రిస్క్, వెర్షన్ అంటూ చాలా కాలమ్‌లు పెట్టాను. నింపే దిక్కులేక రెండో వారంలో తీసేశాను.

పాత ఎక్సెల్‌లో ఉన్నదాన్ని లోపలికి లాగేటప్పుడు మొదటి షాక్. పొడుగాటి వాక్యాలు కొన్ని సగంలో తెగిపోయాయి. 255 అక్షరాల దగ్గర. ఎక్సెల్ నుంచి తెచ్చేటప్పుడు అది పైన కొన్ని వరుసలు మాత్రమే చూసి కాలమ్ రకం ఊహిస్తుంది. ఆ పై వరుసల్లో చిన్న వాక్యాలుంటే షార్ట్ టెక్స్ట్ అనుకుని మిగతావాటిని కోసేస్తుంది. ముందుగా టేబుల్లో ఆ ఫీల్డ్‌ని లాంగ్ టెక్స్ట్‌గా పెట్టి, షీట్‌లో అన్నిటికన్నా పొడుగు వాక్యాన్ని మొదటి వరుసకు తెచ్చి మళ్లీ లాగితే సరిగ్గా వచ్చింది. తర్వాత రిపోర్టుల్లో కూడా ఇదే ఎదురైంది. లాంగ్ టెక్స్ట్ ఫీల్డ్ మీద గ్రూప్ బై పెడితే అక్కడా 255కే తెగుతుంది. కాబట్టి గ్రూపింగ్ నెంబరు మీదే చేయాలి, వాక్యం మీద చేయకూడదు.

క్లాజు నెంబర్ల సంగతి ఇంకో తలనొప్పి. స్పెసిఫికేషన్‌లో 3.10 అని ఉన్నది ఎక్సెల్‌లో 3.1 అయిపోయింది. 3-12 అన్నది డిసెంబరు 3వ తేదీ అయి కూర్చుంది. ఎక్సెల్‌లో టైప్ చేయడానికి ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి, తర్వాత మారిస్తే ఉపయోగం లేదు.

రిక్వైర్‌మెంట్ నెంబరుకి, యాక్సెస్ తనంతట తాను వేసే ఆటోనెంబర్ వాడొద్దని ముందే చదివాను, కారణం మాత్రం తర్వాతే అర్థమైంది. కొత్త వరుస మొదలుపెట్టి ఎస్కేప్ కొట్టినా ఆ నెంబరు ఖర్చయిపోతుంది, వరుసలో ఖాళీ మిగులుతుంది. కన్సల్టెంట్ లాంటి మనిషికి ఆ జాబితా ఇస్తే మొదట అడిగేది "57 ఏదండీ, తీసేశారా?" అనే. అందుకని ఆర్-001, ఆర్-002 అంటూ వేరే టెక్స్ట్ ఫీల్డ్ పెట్టాను. వద్దనుకున్న వరుసను చెరపకుండా స్థితి "రద్దు" అని మార్చి, ఎవరు ఎప్పుడు వద్దన్నారో రాసేవాళ్లం.

ఇక వాక్యాలు విడగొట్టడం. అసలు పని ఇదే. రెండు రోజులనుకున్నది ఆగస్టు చివరిదాకా సాగింది. స్పెసిఫికేషన్‌లో ఒక పేరా ఇలా ఉండేది: ఉష్ణోగ్రత పరిధి దాటితే తగినంత శబ్దంతో అలారం మోగాలి, స్క్రీన్ మీద చూపాలి, రికార్డు చేయాలి, ఆపరేటర్ ఒప్పుకునేదాకా ఆగకూడదు, సిస్టమ్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి. ఇందులో కనీసం నాలుగు విడి రిక్వైర్‌మెంట్లున్నాయి, ఒకటి అసలు రిక్వైర్‌మెంటే కాదు. "తగినంత శబ్దం" అంటే ఎంత? మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ అని మేమే ప్రతిపాదించి ఒప్పించుకున్నాం. "యూజర్ ఫ్రెండ్లీ" విషయంలో ఓనరు గారినే అడిగితే, "మా ఆపరేటర్‌కి ఇంగ్లీషు రాదయ్యా, తెలుగులో కనపడాలి" అన్నారు. 41 పేజీల స్పెక్‌లో ఎక్కడా లేని ముఖ్యమైన విషయం ఆ ఒక్క ప్రశ్నతో బయటపడింది. మొత్తానికి 186 వరుసలు తేలాయి.

తెలుగు గురించి ఇక్కడే ఒక మాట. ఆపరేటర్ చదివే అలారం సందేశాల కోసం టేబుల్లో తెలుగు కాలమ్ ఒకటి కలిపాను. ఫారాల్లో, రిపోర్టుల్లో, పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా వచ్చింది. యాక్సెస్ లోపల ప్రోగ్రాం రాసే వీబీఏ కోడ్‌లో తెలుగు రాస్తే మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే. ఆ ఎడిటర్ యూనికోడ్ చూపించదు. సందేశాలను కోడ్‌లో రాయకుండా టేబుల్లోంచి తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

విడగొట్టి, మూలం వారీగా పక్కపక్కన పెట్టి చూసేసరికి ఒకదాన్నొకటి కొట్టుకునేవి కనిపించాయి. అమ్మోనియా అలారం ఒక చోట 25 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలో) దగ్గర, ఇంకో చోట 50 దగ్గర. ఛాంబర్ ఉష్ణోగ్రత పరిధి అనెక్చర్‌లో ఒకటి, స్పెక్‌లో ఇంకొకటి. అన్నిటికన్నా విడ్డూరం, గ్యాస్ డిటెక్టర్లు నేలకి 300 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టమని ఉంది. అది ఎల్‌పీజీకి పెట్టే ఎత్తు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. అమ్మోనియా ఆవిరి గాలి కన్నా తేలిక, పైకి పోతుంది. ఆ పేజీ ఎక్కడినుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. డిటెక్టరు కింద పెడితే ప్లాంటు రూమంతా గ్యాస్ నిండి మనుషులు పరిగెత్తాక గానీ అది మోగదు.

ఇలాంటి ప్రశ్నలన్నీ డేటాబేస్‌లో వెతికే ఒక క్వెరీతో తీసి, రెండు పేజీల రిపోర్టు చేసి ఆగస్టు 29న కన్సల్టెంట్‌కి మెయిల్ పెట్టాను. సెప్టెంబరు 1న విజయవాడని బుడమేరు ముంచేసింది. వాళ్ల ఆఫీసు అటే. హైదరాబాద్-విజయవాడ హైవే మీద కూడా రాకపోకలు ఆగాయి. అలాంటప్పుడు ఫోన్ చేసి పీపీఎం గురించి అడగడం నాకే ఎబ్బెట్టుగా అనిపించి చేయలేదు. ఆ తర్వాత వినాయక చవితి. జవాబు సెప్టెంబరు మూడో వారానికి గానీ రాలేదు. ఈ లోపల పర్చేజ్ మేడమ్ రోజూ "గ్యాస్ డిటెక్టర్లు ఆర్డర్ పెట్టనా వద్దా అండీ" అని అడగడం, నేను "రేపు" అనడం. డిటెక్టర్ల డెలివరీ ఆరు నుంచి ఎనిమిది వారాలు. కడుపులో ఒకటే దడ.

ఆ ఎదురుచూపులో డేటాబేస్ ఒక పని చేసింది. ఏ ప్రశ్న తేలకపోతే ఏ సామాను ఆగుతుందో తీసి చూశాను. డిటెక్టరు మోడల్ ఎత్తు మీద ఆధారపడదు, కొలిచే పరిధి మీద ఆధారపడుతుంది. 25 అయినా 50 అయినా ఒకే పరిధి డిటెక్టరు సరిపోతుంది. కాబట్టి ఆ ఆర్డర్ మాత్రం సెప్టెంబరు రెండో వారంలోనే వదిలేశాం. జవాబు కోసం ఆగి ఉంటే ఇంకా ఆలస్యమయ్యేది.

చివరికి కన్సల్టెంట్ గారు మర్యాదగానే, ఒక్కో వరుస పక్కన సమాధానం రాసి పంపారు. మొదటి అలారం 25 పీపీఎం, దాని పై స్థాయిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాటంతటవే తిరగాలి, డిటెక్టర్లు పైకప్పు దగ్గర. అమెరికాలో నియోష్ అనే సంస్థ రోజుకి పది గంటల దాకా పనికి పెట్టిన హద్దు 25 పీపీఎం, ప్రాణాపాయ స్థాయి 300. ఆ అంకెలు ప్రశ్న పక్కనే రాసి పంపడం వల్ల వాదన పెరగలేదని నా నమ్మకం. సరే అనడానికి ఆయనకీ ఒక ఆధారం కావాలి కదా.

అక్టోబరు 8న, దసరాకి ముందు, మొత్తం జాబితా ప్రింట్ తీసి గుంటూరు తీసుకెళ్లాను. ఓనరు గారి అల్లుడు ప్రతి పేజీ మీద సంతకం పెట్టాడు. ఓనరు గారు కళ్లజోడు పెట్టుకుని తన వాయిస్ మెసేజ్‌ల నుంచి వచ్చిన వరుసల కోసమే వెతికారు. మూలం కాలమ్‌లో తేదీ, టైంతో సహా కనిపించేసరికి "నేనన్నవి కూడా రాశావా!" అని నవ్వారు. ఆ రోజు నుంచి ఫోన్‌లో మాట కాస్త ఆచితూచి వచ్చేది. ఆ ఆడియో ఫైళ్లను మాత్రం డేటాబేస్‌లోకి ఎక్కించొద్దు. యాక్సెస్ ఫైల్ మొత్తం 2 జీబీ దాటకూడదు, అటాచ్‌మెంట్లు పెడితే ఇట్టే ఉబ్బుతుంది. ఫోల్డర్లో ఉంచి, టేబుల్లో దారి రాసుకుంటే చాలు. మా ఫైల్ జాబ్ అయ్యేసరికి కొన్ని ఎంబీలు దాటలేదు.

ఫైల్ విషయంలోనే ఇంకో ఇబ్బంది. టేబుళ్లున్న ఫైల్‌ని షేర్డ్ ఫోల్డర్లో పెట్టి, ఫారాలున్న ఫైల్‌ని ఎవరి మెషీన్లో వాళ్లకు ఇవ్వాలి. ఆ వరకు సరిగ్గానే చేశాం. వైరింగ్ షెడ్డులో ల్యాప్‌టాప్ వైఫై మీద ఉండేది. సేవ్ చేసేటప్పుడు సిగ్నల్ పడిపోతే ఫైల్ పాడవుతుంది. అక్టోబరు చివర ఒక సాయంత్రం అదే జరిగింది, ఫైల్ తెరుచుకోలేదు. కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కితే తెరుచుకుంది గానీ ఆ అరగంట నాకు చెమటలు పట్టాయి. మర్నాడే షెడ్డు దాకా లాన్ కేబుల్ లాగించాం. కేబులు, మజూరీ కలిపి రెండు వేల లోపే. రాత్రి తొమ్మిదింటికి ఫైల్ కాపీ వేరే డిస్క్‌కి వెళ్లేలా విండోస్ టాస్క్ షెడ్యూలర్లో పెట్టాం. ఈ పద్ధతిలో మొత్తం మీద చేతి నుంచి పడిన డబ్బు ఈ కేబులే.

దీపావళి వెళ్లాక మార్పులు మొదలయ్యాయి. నవంబరు మొదటి వారంలో ఓనరు గారి మెసేజ్: అలారం మోగితే మూడు ఫోన్లకి ఎస్‌ఎంఎస్ రావాలి. వినడానికి చిన్న కోరిక. గేట్‌వే కంపెనీ ద్వారా పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవాళ్ల పేరు, సందేశం నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, అది కస్టమర్ పేరు మీద జరగాలి, అదో ప్రహసనం. అదంతా లేకుండా సిమ్ కార్డుతో జీఎస్‌ఎం మోడెం పెట్టొచ్చు. అప్పుడు మోడెంకి కరెంటు కావాలి, కరెంటు పోయినా పనిచేయాలి. అంటే నాలుగు గంటల బ్యాటరీ బ్యాకప్ అనే పాత రిక్వైర్‌మెంట్ లెక్క మళ్లీ చూడాలి. మార్పు టేబుల్లో ఈ కోరిక రాసి, అది తాకే వరుసలు లింక్ చేస్తే, ఎన్‌క్లోజర్లో (ప్యానెల్ పెట్టెలో) స్థలం కూడా జాబితాలోకి వచ్చింది. ఒక పేజీ ప్రింట్ తీసి, ధర వేసి పంపాం. రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. ఇదివరకు ఇలాంటివి "సర్లెండి, పెట్టేద్దాం" అని ఉచితంగా పోయేవి. మా సార్ ఈ డేటాబేస్‌ని మొదటిసారి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆ ధర ఒప్పుకున్న రోజే.

నవంబరు చివర్లో టెస్టులు రాయడం మొదలుపెట్టాం. యాక్సెస్‌లో ఫైండ్ అన్‌మ్యాచ్‌డ్ క్వెరీ విజార్డ్ అని ఉంది. ఒక టేబుల్లో ఉండి రెండో దాంట్లో జత లేని వరుసలు చూపిస్తుంది. టెస్టు లేని రిక్వైర్‌మెంట్లు ఏవి అని అడిగాను. ముప్పై పైచిలుకు వచ్చాయి. చాలావరకు రంగు, నేమ్‌ప్లేటు లాంటివి, చూసి టిక్ పెట్టేస్తే సరిపోతుంది. వాటి మధ్యలో ఒకటి చూసి ఆగిపోయాను.

ఛాంబర్ లోపల మనిషి ఉండగా తలుపు మూసుకుపోతే నొక్కడానికి ఒక అత్యవసర బటన్, బయట లైటూ హారనూ ఉండాలని స్పెక్‌లో ఉంది. దాన్ని వాళ్లు లైటింగ్ అధ్యాయంలో రాశారు. కాబట్టి అది లైటింగ్ కాంట్రాక్టరు పని అని మా డ్రాయింగుల్లోకి రాలేదు. లైటింగ్ కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, అలారం కదా, ప్యానెల్ వాళ్లదనుకున్నాం అన్నాడు. టేబుల్లో ఆ వరుసకి బాధ్యత ఖాళీ, టెస్టు ఖాళీ. పైగా లైటింగ్ సర్క్యూట్ నుంచి ఇస్తే కరెంటు పోగానే అదీ పోతుంది. చీకట్లో, అంత చలిలో, టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఒక హమాలీ ఆ బటన్ నొక్కుతూ నిలబడితే? ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు కన్సల్టెంట్‌తో మాట్లాడి దాన్ని మా బ్యాటరీ సప్లయ్ మీదకి తెచ్చుకున్నాం. ఆరు బటన్లు, హారన్లు, కేబులు. ఖర్చు సగం మాది, సగం వాళ్లది అనుకున్నాం. దాని గురించి సార్ కూడా బేరం ఆడలేదు.

మా దగ్గరే జరిగే ఫ్యాక్టరీ టెస్టు డిసెంబరు 19న. టెస్టు షీట్లన్నీ డేటాబేస్ నుంచే ప్రింటయ్యాయి, ప్రతి అడుగు పక్కన ఏ రిక్వైర్‌మెంట్ నెంబరో. కన్సల్టెంట్ గారు పొద్దున పదింటికి వచ్చి, మొదట అనుమానంగానే చూశారు. తనకి నచ్చిన పేజీ తీసి "ఇది ఎక్కడ టెస్ట్ చేశారు?" అనడం, వైరింగ్ అన్న షీట్ తిప్పి చూపించడం. ఒక పది అలా అడిగాక అడగడం మానేశారు. రెండు విషయాలు ఫెయిలయ్యాయి. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ తనంతట తాను స్టార్ట్ అవకూడదన్నది ఒకటి, ప్రోగ్రాంలో సరిచేసి మధ్యాహ్నానికల్లా చూపించాం. ఇంకోటి తేమ సెన్సరు రీడింగు కొట్టుకోవడం. సెన్సర్ల రీడింగులు తెచ్చే ఆర్‌ఎస్-485 లైను చివర 120 ఓంల రెసిస్టరు పెడితే కుదుటపడింది. సాయంత్రం సంతకాలు అయ్యేసరికి ఆరు దాటింది. గతంలో ఇలాంటి టెస్టులు రెండో రోజుకీ, మూడో రోజుకీ పాకేవి.

సంక్రాంతికి ముందే ప్యానెల్ దిగింది. పండగ మూడు రోజులూ సైట్‌లో పిట్ట లేదు. కనుమ మర్నాడు వెళ్లి చూస్తే ప్లాంటు రూములో గ్యాస్ డిటెక్టర్ల కోసం వేసిన కండ్యూట్ (కేబుల్ పైపు) నేలకి 300 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంది. సివిల్ కాంట్రాక్టరు చేతిలో పాత స్పెక్. ప్లాస్టరింగూ పెయింటూ అయిపోయాయి. గోడ పగలగొట్టి పైకి తీయాలి, అదనపు కేబులు కావాలి, ఎవరిస్తారు? ఆయన గట్టిగా, "నాకెవరూ చెప్పలేదు, మీ ప్యానెల్ వాళ్లు చెప్పాలి" అని నా మీదకే వచ్చాడు. ఓనరు గారి అల్లుడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఫోన్‌లో ఆ వరుస పీడీఎఫ్ తీసి చూపించాను. పాత ఎత్తు ఏ పేజీలోది, మేము ఆగస్టు 29న అడిగిన ప్రశ్న, సెప్టెంబరులో కన్సల్టెంట్ ఇచ్చిన జవాబు, ఆ మెయిల్ కాపీలో సివిల్ కాంట్రాక్టరు అడ్రసు, అక్టోబరు 8న పెట్టిన సంతకం. ఆయన మెయిల్ చూడలేదు, అదే సంగతి. కన్సల్టెంట్ ఫోన్‌లో "అవును, మేం మార్చాం" అన్నారు. మనిషి తగ్గాడు. పూర్తిగా ఆయన నెత్తినే పడకూడదని అల్లుడే మధ్యలో మాట్లాడి, గోడ పని కాంట్రాక్టరుది, కేబులు తమది అని తేల్చాడు. మాకు రూపాయి పడలేదు. నాకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే, అంతమంది ముందు కేకలు వేయించుకున్నందుకు ఆ పూట అన్నం సహించలేదు.

పంచ్ లిస్టు, అంటే చివర్లో మిగిలిపోయిన చిన్న పనుల జాబితా కూడా అదే ఫైల్లో, ఇంకో స్థితి పెట్టుకుని నడిపాం. జనవరి 29న కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చింది. ఫిబ్రవరి రెండో వారంలో మొదటి తేజా రకం మిర్చి టిక్కీలు ఎక్కాయి.

బిల్లు దగ్గర అనుకున్నంత సుఖం లేదు. కమిషనింగ్‌కి రావాల్సిన 20 శాతం నెలలో ఇస్తామన్నారు. సీజన్ అన్నారు, యార్డు రష్ అన్నారు, మార్చి ఆఖరు లెక్కలన్నారు. అకౌంట్స్ వాళ్లు ఒకసారి ఫోన్ చేసి ఎస్‌ఎంఎస్ మోడెం బిల్లు ఆర్డర్లో లేదు కదా అన్నారు. మార్పు నెంబరుతో ఉన్న ఒప్పుకోలు కాగితం పంపితే మళ్లీ ఆ మాట రాలేదు. డబ్బు మాత్రం ఏప్రిల్ రెండో వారానికి వచ్చింది. రిజిస్టర్ ఎంత బాగున్నా చెక్కు మీద సంతకం దాని చేతుల్లో ఉండదు.

ఈ మధ్య కొత్తగా వచ్చిన పటాన్‌చెరు జాబ్‌కి ఖాళీ ఫైల్ కాపీ చేసి ఇచ్చాను. ఈసారి వాక్యాలు విడగొట్టే పని తమ్ముడు చేస్తున్నాడు, రోజుకి పదిహేను వరుసలు దాటడం లేదని విసుక్కుంటున్నాడు. నాకూ అంతే పడింది. వాడు రెండు మార్పులు చేశాడు. బాధ్యత ఖాళీగా ఉంటే ఆ వరుస సేవ్ కాకుండా పెట్టాడు. లాంగ్ టెక్స్ట్ ఫీల్డ్‌కి అపెండ్ ఓన్లీ పెట్టాడు, దాంతో వాక్యం మార్చినప్పుడల్లా పాతది తేదీతో సహా చరిత్రలో మిగులుతుంది. ఇది రాసేనాటికి గుంటూరు ఫైల్ ఇంకా మూసేయలేదు. మే నెలలో మా వాళ్లు వెళ్లి తేమ సెన్సర్ల కాలిబ్రేషన్ చూడాలి, వారంటీ 2026 జనవరి దాకా ఉంది, వాళ్లు ఆపి ఉంచిన చివరి పది శాతం రిటెన్షన్ డబ్బు ఆ తర్వాతే.